రెండు విస్తళ్ల పెద్దమనిషి

సాంబశివరావు తిండిని ఊళ్లో ఎవరూ ఎగతాళి చెయ్యరు. మిగతావాళ్లకు తిండి తిండే. అతనికి మాత్రం అది హోదా.

రెంటచింతల దాటి లోపలికి పోతే వచ్చే ఆ ఊళ్లో తగవు తీర్చడానికి ఒక పద్ధతి ఉంది. పోలీసు స్టేషనుకు వెళ్లేవాళ్లు వెళతారు, గురజాల కోర్టులో వాయిదాలకు తిరిగేవాళ్లు తిరుగుతారు. తిరిగి తిరిగి అలిసిపోయాక ఇద్దరూ కలిసి ఒక పెద్దమనిషిని పెట్టుకుంటారు. ఆ పెద్దమనిషి తన మాట చెప్పేముందు ఒకే పూట రెండిళ్లలోనూ భోంచెయ్యాలి. మొదటి ఇంట్లో ఎంత తిన్నాడో రెండో ఇంట్లోనూ అంతే తినాలి. పప్పుతో, పులుసుతో, పెరుగుతో విడివిడిగా అన్నం పెట్టించుకోవాలి. విస్తట్లో మెతుకు మిగలకూడదు. ఎక్కడ తగ్గించి తింటే అక్కడివాళ్లు మొహం మాడ్చుకుంటారు. పెద్దమనిషి అవతలి పక్షానికి ఒరిగాడని దానర్థం. ఒకరి గడప ఒకరు తొక్కని ఆ రోజుల్లో రెండిళ్లలోనూ అడుగుపెట్టే మనిషి అతనొక్కడే కాబట్టి, రెండిళ్లవాళ్లూ అతని పొట్టనే నమ్ముకుంటారు.

న్యాయం తెలిసినవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. రెండు భోజనాలు పట్టే పొట్ట మాత్రం సాంబశివరావు ఒక్కడికే ఉంది. ముప్పై ఏళ్లుగా అతను చెప్పిన తీర్పుల్లో గొప్పవేమీ లేవు. సగానికి పైగా "ఇద్దరూ సర్దుకోండి" అనేవే. అయినా నిలబడ్డాయి, రెండు విస్తళ్లూ తుడిచినట్టు ఉండేవి గనక. జనం తన బుర్రను చూసి వస్తున్నారని అతను నమ్మాడు.

భార్య సరస్వతమ్మ నమ్మలేదు. "నీ తీర్పెవరిక్కావాలయ్యా, నువ్వు తింటం చూట్టానికి పిలుస్తన్నారు" అని మొహం మీదే అనేది. ఆమె పోయి మూడేళ్లయింది. ఒకరోజు మధ్యాహ్నం పొయ్యి మీద పప్పు పెట్టి, పక్కనే పీట వేసుకుని కూర్చుని, అట్లాగే పోయింది. పప్పు మాడింది. మొగుడికి ఒక మాటైనా చెప్పకుండా పోవడం ఏం మర్యాదని అతనికి ఇప్పటికీ ఆమె మీద కోపమే. కర్మకాండకు వచ్చినవాళ్లు ఓదార్చి, తిని, వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆ ఇంటి మెట్లెక్కినవాళ్లంతా తగవులు ఉన్నవాళ్లే. పొద్దున్నే అరుగు మీద కూర్చుంటే ఎవరో ఒకరు 'అన్నయ్యా' అనో 'బావా' అనో వచ్చి పక్కన చేరతారు. వాళ్లు రావడం మానేస్తే తనతో మాట్లాడేవాళ్లు ఉండరని అతనికి తెలుసు. కొడుకు ప్రవీణ్‌ది గురజాలలో పురుగుమందుల కొట్టు. పొద్దున పోయి పొద్దుగూకాక వచ్చి ఫోను చూసుకుంటాడు. కోడలు అర్చన మాట్లాడుతుంది. కానీ మందు వేసుకున్నారా అని అడగడాన్ని అతను మాట్లాడటం కింద జమ కట్టడు.

మందులు ఎందుకొచ్చాయంటే ఆ పొట్ట వల్లే. కిందటేడు కాలికి తగిలిన చిన్న దెబ్బ ఎన్నాళ్లకూ మానలేదు. అర్చన బలవంతాన నరసరావుపేట తీసుకుపోయింది. అక్కడి డాక్టరు జెబా అర్చనకంటే చిన్నది. రక్తం పరీక్ష కాయితం చూసి, అతన్ని చూసి, మళ్లీ కాయితం చూసింది.

"రోజూ ఏం తింటారు పెద్దాయనా?"

"అన్నం."

"అన్నంలోకి?"

"కాస్త కూర."

"కాస్త కూరలోకి కుండెడన్నం మేడం" అంది అర్చన. "సన్నబియ్యం. మల్లెపువ్వులా ఉండాలని రెండుసార్లు పాలిష్ పట్టిస్తారు."

డాక్టరు నవ్వలేదు. అర్చన వైపు తిరిగి చెప్పుకుపోయింది. ఈయనకు పీచు కావాలి. కొర్రలు, జొన్నలు, గోరుచిక్కుడు, ఆకుకూరలు, పొట్టు తియ్యని పప్పులు పెట్టాలి. పీచు అన్నంలాగా అరిగి చక్కెరైపోదు. అందులో కొంత నీళ్లు పీల్చుకుని పొట్టలో ఉబ్బుతుంది, జిగురై నెమ్మదిగా కదులుతుంది. కడుపు నిండినట్టే ఉంటుంది, ఆకలి తొందరపెట్టదు. ఇసబ్‌గోల్ పొట్టుదీ అదే గుణం. భోజనానికి ముందు ఒక్క చెంచా, పెద్ద గ్లాసుడు నీళ్లతో తాగించాలి. నీళ్లు మాత్రం తగ్గించకూడదు. విరేచనం కూడా సాఫీగా అవుతుంది.

ఇంత చెప్పినదాంట్లో సాంబశివరావు చెవికెక్కింది ఆఖరి ముక్క ఒక్కటే. అంతకుముందంతా, రోగం తనకైతే డాక్టరు కోడలికి చెబుతున్నదేమిటా అని ఆలోచిస్తున్నాడు.

మర్నాటి నుంచి కంచంలో రంగు మారింది.

"ఏందమ్మాయ్ ఇది?"

"కొర్రన్నం మామయ్యా."

"పిచ్చుకలకు పోసేది గదా."

"పిచ్చుకలకు షుగర్ లేదు మామయ్యా."

జొన్నరొట్టె వచ్చింది. గోరుచిక్కుడు రోజు మార్చి రోజు వచ్చింది. పొట్టు పెసలు వచ్చాయి. మొదటి వారం అతను తిట్టుకుంటూ తిన్నాడు. రెండో వారం తిట్టుకుంటూ సగం తిన్నాడు. నెల తిరిగేసరికి కంచంలో పెట్టింది పూర్తి కాకముందే చెయ్యి ఆగిపోతోంది, సాయంత్రం దాకా ఏమీ తినాలని ఉండటం లేదు. దీనికి అతనికి తోచిన కారణం ఒక్కటే. కోడలి వంట బాగాలేదు. సరస్వతమ్మ వంట తిన్న నాలుకకు ఇది ఎట్లా ఎక్కుతుంది? బతికుండగా సరస్వతమ్మ వంటకూ వంక పెట్టాడు గానీ, పోయినవాళ్ల వంట ఏడాదికేడాది రుచి పెరుగుతుంది.

ఆ ఇసబ్‌గోల్ పొడి మీద మాత్రం అతనికి గురి కుదిరింది. చెప్పినట్టే పొద్దున్నే కడుపు ఖాళీ చేసేది. ఇంట్లో చెప్పిన మాట మీద నిలబడేది అదొక్కటే అనుకునేవాడు. నడుము దగ్గర పంచె వదులైంది. కాలి పుండు మానింది. అర్చన వేలికి సూది గుచ్చి మిషన్లో అంకె చూసి సంతోషపడేది. అతను ఆ అంకె ఎంతని ఎన్నడూ అడగలేదు.

అట్లాంటి రోజుల్లో కోటేశ్వరి వచ్చింది.

కోటేశ్వరి మొగుడు పోయాక ఎకరాలన్నీ తనే చేయించుకుంటున్న మనిషి. ఆమె మరిది నాగభూషణరావు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు అన్నీ పంచుకున్నారు గానీ మిరపకాయలు ఎండబోసే కళ్లం రెండు చేల మధ్య ఉమ్మడిగా ఉండిపోయింది. గట్టినేల, ఎత్తుగా ఉంటుంది, చుట్టుపక్కల అంత మంచి కళ్లం లేదు. కానీ ఒక్క పంటకే చాలుతుంది. ముందు ఆరబోసినవాళ్ల కాయ ఎర్రగా ఎండుతుంది. తర్వాతివాళ్ల కాయ చోటు దొరికేదాకా చేలోనే మంచుకు తడిసి రంగు పోతుంది. ఎవరు ముందు అన్న దాని మీద రెండేళ్లుగా వదినా మరుదులకు మాటల్లేవు. కిందటేడు ఒకరి కాయల మీదికి ఒకరు ట్రాక్టరు తోలుకున్నారు.

"ఇంక నావల్ల గాదన్నయ్యా" అంది కోటేశ్వరి అరుగు మీద కూలబడి. "నువ్వే చెప్పు. మా మరిది కూడా నువ్వయితే సరేనన్నాడంట. ఆదివారం పెట్టుకుందాం. ముందు నా ఇంట్లో, తర్వాత వాళ్లింట్లో."

"ఆదివారమేనా?"

"ఏం, పనుందా?"

"పనేముంది. వస్తాలే" అన్నాడు సాంబశివరావు. పొట్ట తడుముకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆమె పోయాక అర్చన తలుపు దగ్గరికొచ్చింది. అంతా విన్నది.

"ఒక్క ఇంట్లో తింటేనే కష్టం మామయ్యా మీకిప్పుడు. రెండిళ్లంటే ఎట్టా?"

"ఎప్పుడూ తిన్లేదా ఏంది?"

"అప్పుడు షుగర్ తెలియదు. రెండు ముద్దలు తిని, పత్యం చేస్తన్నానని చెప్పండి. ఏమనుకుంటారు?"

"ఏదో ఒకటి అనుకోటమే వాళ్ల పని."

"అనుకుంటే అనుకోనీండి. మీరు చెప్పాల్సింది తీర్పు గదా, తినాల్సిందేముంది?"

సాంబశివరావు ఆమెను జాలిగా చూశాడు. నాదెండ్ల నుంచి వచ్చిన పిల్ల. ఈ ఊరి సంగతి ఏం తెలుసు? తీర్పు ఎవరైనా చెబుతారు. కోర్టులో జడ్జి కూడా చెబుతాడు.

కానీ భయం పట్టుకుంది. ఆ రాత్రి కంచం ముందు తనను తాను పరీక్షించుకున్నాడు. ఇంకో రొట్టె వెయ్యమన్నాడు. సగంలో ఆగిపోయాడు. ఈ పొట్టతో ఆదివారం పోతే పరువు దక్కదు. రేపటి నుంచి అరుగు మీదికి వచ్చేవాళ్లు ఉండరు. ఈ నిజం అతనికి ఎంత స్పష్టంగా కనిపించిందో, దాన్నుంచి తప్పించుకునే దారి కూడా అంత స్పష్టంగానే కనిపించింది. అదే అతని కొంప ముంచింది.

రైతు బుర్ర రైతులాగే ఆలోచిస్తుంది. చేలోంచి కాయ రాకముందు కళ్లం ఊడ్చి ఖాళీ చేస్తాం. కడుపూ అంతే. నిండా తినాలంటే ముందు నిండా ఖాళీ చెయ్యాలి. ఖాళీ చేసే పొడి ఇంట్లోనే ఉంది. ఒక్క చెంచాకే అంత పని చేస్తే, ఎక్కువ వేస్తే రెండిళ్ల భోజనానికి చోటవుతుంది.

ఆదివారం అర్చన పెరట్లో బట్టలు ఉతుకుతుంటే, అతను వంటింట్లోకి పోయి పొడి డబ్బా అందుకున్నాడు. నీళ్లలో కుప్పగా మూడు చెంచాలు పోశాడు. నీళ్లు తగ్గకూడదని అర్చన రోజూ అనే మాట గుర్తొచ్చి చెంబు ఖాళీ చేశాడు. ఎందుకైనా మంచిదని కొంత పొడి పొట్లం కట్టి జేబులో వేసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కండువా సర్దుకుని బయల్దేరాడు.

కోటేశ్వరి వాకిట్లో పందిరి వేయించింది. అరిటాకు వేసి, ఎదురుగా తనే వడ్డించడానికి నిలబడింది. ముద్దపప్పు, గిన్నెడు నెయ్యి, గోంగూర, వేటమాంసం, పులుసు, బూరెలు. కూతురు సంజన సెలవులకు వచ్చి ఉంది. నీళ్ల గ్లాసు తెచ్చిపెట్టింది.

"మా సంజన మాదిరి పిట్టలాగా కొరకమాక అన్నయ్యా" అంది కోటేశ్వరి. "కడుపు నిండా తినేవాళ్లకు పెట్టి ఎన్నాళ్లయిందో."

మొదటి ముద్ద బాగానే దిగింది. రెండోదీ దిగింది. పప్పన్నం సగమయ్యేసరికి లోపల ఏదో బరువు తెలిసింది. ఎవరో సిమెంటు కలిపి పోసి, అది గట్టిపడే దాకా చూస్తున్నట్టుంది. దాహమనిపించి నీళ్లు తాగాడు. బరువు ఇంకా పెరిగింది.

"ఏందన్నయ్యా, పప్పులోనే ఆగావు? ఇంకా కూరెయ్యలా."

"వెయ్యమ్మా. నిదానంగా."

"నువ్వు నిదానంగా తింటం నేనెప్పుడూ చూళ్లా."

కూర వేసింది. ఒక ముక్క తిన్నాడు. రెండో ముక్కను అన్నం కింద దాచాడు. పులుసు పోస్తుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. పెరుగు తెస్తుంటే లేచి నిలబడి, మిగిలింది కనపడకుండా ఆకు మడిచాడు. మడిచిన ఆకును విప్పి చూడటమంటే ఆ ఊళ్లో శవం మీద గుడ్డ తీసి చూడటమే. కోటేశ్వరి వంగి విప్పింది.

చూసి, మళ్లీ మడిచింది.

"మా మరిదింట్లో నాటుకోడి కోశారంట" అంది. "దానికి చోటుంచావా అన్నయ్యా?"

"అది కాదమ్మా..."

"పోయిరా. ఆలస్యమైతే చల్లారతది."

ఆమె నీళ్లు పొయ్యకపోతే తనే చెయ్యి కడుక్కుని వీధిలోకి వచ్చాడు. పొడి ఇంకా పనిచెయ్యలేదని అతనికి అర్థమైంది. మోతాదు చాల్లేదు. బోరింగు దగ్గర ఆగి, ఒక నీళ్ల సీసా సంపాదించి, పొట్లంలోంచి కొంత అందులో పోసి ఆడించాడు. ఎవరో పలకరిస్తే రెండు మాటలు మాట్లాడి తిరిగి చూసేసరికి సీసాలో నీళ్లు లేవు. పొడి మొత్తం పీల్చుకుని, ఉబ్బి, జిగురై, మూతి దాకా వచ్చి బయటికి రానంటోంది. కళ్లతో చూస్తూనే ఉన్నాడు. సీసాలో జరిగిందే పొట్టలోనూ జరుగుతుందని ముప్పై ఏళ్లు తీర్పులు చెప్పిన బుర్రకు తట్టలేదు. ఇంకాసిని నీళ్లు పోసి, వేలితో గెలికి తాగేశాడు.

"రా బావా, రా!" నాగభూషణరావు గుమ్మం దాకా ఎదురొచ్చాడు. "మా వదిన బానే మేపిందా? దాందేముందిలే, నా ఇంటి విస్తట్లో తెలుస్తది నీ సంగతి."

గారెలు, నాటుకోడి పులుసు, పులిహోర, బొబ్బట్లు. వాసనకే అతని కడుపు వెనక్కి తగ్గింది. ఒక గారె తుంచి పులుసులో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకా నమిలాడు. అది పోవడానికి లోపల దారి లేదు. నుదుట చెమట పట్టింది.

"కారం ఎక్కువైందా బావా?"

తల అడ్డంగా ఊపాడు.

"ఉప్పు?"

మళ్లీ ఊపాడు. నాగభూషణరావు నవ్వు కొంచెం కొంచెంగా పోయింది. పులిహోర గరిటె గిన్నెలో పడేశాడు.

"లే బావా."

"కాసేపు ఆగు, తింటా."

"నువ్వు తిన్నావు. తినే వచ్చావు. లే, ఈ సంగతేందో అక్కడే తేల్చుకుందాం."

చెయ్యి పట్టుకుని లేవదీశాడు. ఎంగిలి చేత్తోనే వీధిలోకి లాక్కుపోయాడు. రెండేళ్లుగా తొక్కని వదిన వాకిలి ముందు నిలబడి కేకేశాడు.

"ఏమమ్మో వదినా! బయటికి రా!"

కోటేశ్వరి కొంగు బిగించుకుంటూ వచ్చింది. "ఏంది మరిదీ, పెద్ద మొగాడిలాగా వాకిట్లోకొచ్చావు?"

"పెద్దమనిషికి గొంతు దాకా కూరి పంపావు. నా ఇంట్లో గారె ముక్క దిగలా. నీ ఎత్తు నాకు తెలవదనుకున్నావా?"

"నేను కూరానా? నా ఇంట్లో పెరుగు ముట్టలా! నీ నాటుకోడి కోసం పొట్ట దాచుకుని ఆకు మడిచి లేచాడు. చూస్తావా? ఇంకా పారెయ్యలా."

లోపలికి పోయి విస్తరి రెండు చేతులా పట్టుకొచ్చింది. అన్నం, దాని కింద మాంసం ముక్కలు. నాగభూషణరావు వంగి, ఆకంతా పరీక్షగా చూశాడు. అప్పటికే వీధిలో జనం చేరారు.

"నిజమే వదినా" అన్నాడు నెమ్మదిగా. "ఇది తిన్న ఆకు గాదు."

"మరి నీ ఇంట్లో?"

"అర గారె. మింగాడో లేదో కూడా తెలవదు."

ఎదురింటి కోటయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. "మూడో ఇంట్లో తినొచ్చాడేమో కనుక్కోండయ్యా" అన్నాడు. జనం నవ్వారు.

ఆ నవ్వుతో సాంబశివరావుకు ధైర్యం పోయింది. నిజం చెబితే బయటపడతాననుకున్నాడు. జేబులోంచి పొట్లం తీశాడు.

"ఎక్కడా తిన్లా. ఇది తాగానమ్మా. రెండిళ్లలోనూ బాగా తిందామని, కడుపులో చోటు కోసం తాగా."

కోటేశ్వరి పొట్లం విప్పింది, వాసన చూసింది, వేళ్ల మధ్య నలిపింది. ఇంట్లోకి కేకేసింది.

"ఏమే సంజనా! నువ్వు సన్నబడాలని తాగేది ఇదే గదా?"

సంజన వచ్చి చూసింది. "అవునమ్మా. సేమ్."

"దేనికి తాగుతావో మీ బాబాయికి చెప్పు."

"ఆకలెయ్యకుండా బాబాయ్. అన్నానికి ముందు తాగితే పొట్టలో ఉబ్బి నిండిపోయినట్టుంటది. సగం కూడా తినలేం." తర్వాత సాంబశివరావు వైపు తిరిగి, "ఎన్ని స్పూన్లు తాగారు మామయ్యా?" అంది.

"పొద్దున మూడు. ఇందాక కొంచెం."

"అమ్మో" అంది సంజన.

జనం పొట్లం చూడటానికి దగ్గరికి జరిగారు. సాంబశివరావుకు ఆ క్షణాన డాక్టరు చెప్పిందంతా ముక్క ముక్కగా చెవిలో వినపడింది. తను వినలేదనుకున్న మాటలన్నీ ఎక్కడో ఉండి ఇప్పుడొచ్చాయి. రావలసిన టైముకు రాలేదు.

"చూశావా మరిదీ" అంది కోటేశ్వరి. గొంతు తగ్గించి అంది, అందుకే ఎక్కువ దూరం వినపడింది. "మనింటికి భోజనానికొస్తా, ఆకలి చంపుకునే పొడి తాగొచ్చాడు."

"మన వంశంలో అన్నం పెట్టి ఇంత మాట పడ్డోళ్లు లేరు వదినా."

"మీ అన్న ఉంటే ఊరుకునేవాడా?"

"అన్నదాకా ఎందుకు. నేను లేనూ?"

రెండేళ్లుగా ఆ ఇద్దరి నోటా 'మన' అన్న మాట రాలేదు. దాన్ని రప్పించడానికే సాంబశివరావును పిలిచారు. వచ్చింది. అతను మాత్రం ఆ మాటకు అవతల నిలబడి ఉన్నాడు.

"ఈయన తీర్పు మనకెందుకు" అంది కోటేశ్వరి. "నీ చేనే ముందు కోతకొస్తది. ఈ ఏడు నువ్వు ముందు ఆరబోసుకో."

"వద్దు వదినా, నువ్వే ముందు. ఆడమనిషివి."

"ఆడమనిషినని దయ చూపమాక. చెప్పినట్టు విను. పై ఏడు నేను."

"సరే."

అంతే. రెండేళ్ల తగవు కోటయ్య బీడీ కాలేలోపల తీరిపోయింది. సాంబశివరావు జీవితంలో ఇంత తొందరగా కుదిరిన రాజీ ఇంకొకటి లేదు. ఆ సంగతి ఎవరితోనైనా అందామని చుట్టూ చూశాడు. అందరూ అటు తిరిగి ఉన్నారు. వదినా మరుదులు ఒకరి వెనక ఒకరు లోపలికి పోయారు. కాసేపు నిలబడి, పొట్ట పట్టుకుని నడుచుకుంటూ ఇంటికి పోయాడు. ఆ సాయంత్రమంతా కడుపు రాయిలా ఉంది. అర్చన గంటగంటకూ నీళ్లు తాగించింది. ఏమైందని అడగలేదు. అప్పటికే ఇద్దరు ముగ్గురు ఫోను చేసి చెప్పారు.

మర్నాడు అరుగు మీద కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. చెరువు వైపు వీధిలో గోడ తగవొకటి వచ్చిందని విన్నాడు. వాళ్లు తన ఇంటి ముందు నుంచే పోయారు, పలకరించి మరీ పోయారు. "బాగుండావా పెదనాన్నా? పత్యం నడుస్తందా?" అన్నారు.

నెలాఖరుకు నరసరావుపేట తీసుకుపోయింది అర్చన. డాక్టరు జెబా కాయితం చూసి ఈసారి నవ్వింది.

"చాలా బాగుంది పెద్దాయనా. బరువు తగ్గారు, షుగర్ అదుపులో ఉంది, కాలు మానింది. మీరేం తింటున్నారో మీ ఊళ్లో అందరికీ చెప్పండి."

"అందరికీ తెలిసిపోయింది మేడం" అంది అర్చన.

రాజీ కుదిరాక రెండిళ్లవాళ్లూ కలిసి ఊరికి భోజనం పెట్టడం కూడా పద్ధతే. ఆ పంక్తిలో మొదటి ఆకు పెద్దమనిషిది. ముహూర్తం తెలియగానే సాంబశివరావు కొర్రన్నం పక్కకు నెట్టాడు. పొడి డబ్బా పెంటలో పారేశాడు. ఆకలిని వెనక్కి పిలవాలి. ఆ రోజున అందరి ముందూ ఇద్దరు మనుషుల తిండి తినాలి. అప్పుడు మాట్లాడతారు.

"తినకపోతే కళ్లు తిరుగుతయ్ మామయ్యా" అంది అర్చన. "మందులేసుకుంటా కడుపు మాడ్చుకోకూడదు."

"నా కడుపు, నా ఇష్టం."

"పోనీ మజ్జిగన్నా తాగండి."

మజ్జిగ మాత్రం తాగాడు.

భోజనాలకు ముందురోజు కోటేశ్వరి, నాగభూషణరావు ఇద్దరూ కలిసి పిలుపులకు వచ్చారు. అరుగు మీద ఉన్న అతన్ని దాటి, గుమ్మంలో ఉన్న అర్చన దగ్గరికి పోయారు.

"అమ్మాయ్, మీ ఆయనా నువ్వూ తప్పకుండా రావాలి" అంది కోటేశ్వరి. "మీ మామయ్యను ఇబ్బంది పెట్టమాక. ఆయనకు పడదు. ఆయన పత్యానికి సరిపోయేది నేనే వండి కేరేజీలో పంపిస్తాలే."

మాటలో వెటకారం లేదు. నిజంగా దయతోనే అంది. వెటకారమైతే తిట్టి పంపేవాడు. దయకు ఏం చెయ్యాలో అతనికి ఎప్పుడూ తెలియదు.

అయినా అతను తినలేదు. ఆఖరి నిమిషంలో పిలుస్తారు. మొదటి ఆకు ముందు ఎవర్ని కూర్చోబెడతారు మరి? పొద్దునకు ఆ జవాబు కూడా తెలిసింది. రాజుపాలెం నుంచి సుధీర్ బాబు అనే అతన్ని రప్పించారట. ముప్పై అయిదేళ్లవాడు. ఒక పూటలో మూడిళ్లు తిన్న మనిషట. ఈ వార్త చెప్పి ప్రవీణ్ భార్యను తీసుకుని భోజనానికి పోయాడు.

మధ్యాహ్నం కోటయ్య కేరేజీ తెచ్చి అరుగు మీద పెట్టి పోయాడు.

ఆకలి నిజంగానే తిరిగొచ్చింది. కాళ్లు వణుకుతున్నాయి, చెవుల్లో హోరు. సాంబశివరావు కేరేజీ గిన్నెలు ఒక్కొక్కటీ విప్పాడు. కొర్రన్నం. నూనె లేని గోరుచిక్కుడు. పొట్టు పెసరపప్పు. అడుగు గిన్నెలో మజ్జిగ. ముగ్గురికి సరిపడా పెట్టింది కోటేశ్వరి. ఆమె చెయ్యి ఎప్పుడూ పెద్దదే. వీధి చివర పందిట్లోంచి వేటమాంసం వాసన వస్తోంది.

తిన్నాడు. పప్పుతో తిన్నాడు, గోరుచిక్కుడుతో తిన్నాడు, మజ్జిగతో తిన్నాడు. సగంలో కడుపు నిండిందంటే వినలేదు. మిగిలిందంతా తిన్నాడు. గిన్నెల అంచులు వేలితో తుడిచి నాకాడు. రెండు విస్తళ్లు కాదు గానీ, అతను తిన్న తిండ్లన్నిటిలోకీ ఇదే కష్టమైనది, ఇదే పూర్తయినది. చూసినవాళ్లు లేరు.

గిన్నెలు కడగకుండా కేరేజీ బిగించి, పట్టుకుని పందిరి దాకా నడిచాడు. మొదటి పంక్తి ఇంకా లేవలేదు. నాగభూషణరావు వడ్డిస్తూ అతన్ని చూసి ఆగాడు. సాంబశివరావు కేరేజీ విప్పి, ఒక్కో గిన్నె వంచి చూపించాడు.

"మెతుకు మిగల్లా" అన్నాడు. "అంతా తిన్నా."

నాగభూషణరావు గిన్నెల్లోకి తొంగిచూశాడు. "ఎవరికేశావు బావా, గేదెకా?"

పంక్తి పంక్తంతా నవ్వింది. అర్చన ఆడవాళ్ల వైపు నుంచి లేచి నిలబడింది, కానీ ఆ నవ్వులో ఆమె మాట ఎవరికీ వినపడలేదు.

"పోన్లే మరిదీ, పెద్దాయన్ని ఆడిపోసుకోమాక" అంది కోటేశ్వరి, కేరేజీ అందుకుంటూ. "తినకపోతే మానె. గిన్నెలన్నా తెచ్చిచ్చాడు."

మొదటి ఆకు ముందున్న సుధీర్ బాబు బూరె తుంచుతూ తలెత్తాడు. "ఎవరాయన?"

"మా ఊరాయనే" అన్నాడు పక్కనున్న కోటయ్య. "ఒకప్పుడు చానా తినేవాడు."

పెరుగు వడ్డించేవాళ్లు గంగాళం మోసుకుంటూ వస్తున్నారు. సాంబశివరావు అడ్డం తప్పుకున్నాడు.